దర్జీ దుకాణం మెట్టు

మీకు మేలు చేసిన మనిషికి ఆ మాట ఎప్పుడైనా ఎదురుగా చెప్పారా? దేవుడికి చెప్పుకున్నానంటే నేను ఒప్పుకోను.

టేకులపల్లిలో ఆశా కార్యకర్తలకు పాజిటివ్ సైకాలజీ పాఠం చెబుతూ, ఏళ్లుగా అందరికీ ఇచ్చే పనే వాళ్లకీ ఇచ్చాను: మేలు చేసిన ఒకరి ఇంటికి వెళ్లి కృతజ్ఞత చెప్పి రావాలి.

“మరి మీరెవ్వరికి చెప్పిండ్రు సార్?” అని ఒకామె అడిగింది. ఎవరికీ చెప్పలేదని ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు.

మరునాడే ఖమ్మం వెళ్లాను. చిన్నప్పుడు బడి వదలగానే అక్కడొక దర్జీ దుకాణం మెట్టు మీద కూర్చుని పత్రిక చదివేవాణ్ని. ప్రతి వార్తకూ “ఎందుకు?” అని అడగడం నాకు నేర్పింది ఆ దర్జీయే. ఉన్నారో లేరో అన్న భయంతోనే సందు తిరిగాను. ఉన్నారు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది, చూపు తగ్గిందట. నేనెవరినో చెప్పి, వచ్చిన పని చెప్పాను.

“అవ్, గిరాకీకి అడ్డం కూసునేటోడివి! గీ మాటకు గిన్నేళ్లా బేటా?” అని నవ్వి, పత్రిక నా చేతిలో పెట్టారు. “సదువు.”

ఆ పాత మెట్టు మీదే కూర్చుని చదివాను. ప్రతి వార్తకూ ఆయన “ఎందుకు?” అంటూనే ఉన్నారు.

మీ మనిషి మీ మాట వినగలిగి ఉండగానే వెళ్లండి. ఈ పేజీ మూసి, ఇవాళే బయలుదేరండి.