పెట్రోలు తీసి పెట్టిన మనిషి

ఈ రోజు నా పాత చైన్‌సాను, అంటే పెట్రోలుతో నడిచే రంపాన్ని, ఆంగ్ మో కియో పేటలో రిపేరుకు తీసుకెళ్లాను. ఐటీ ఉద్యోగానికి సింగపూర్ వచ్చిన కొత్తలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వయసులో నాకంటే పెద్దది. ఆదివారాలు ఒక మిత్రుడి కలప యార్డులో దుంగలు కోసి పీటలు చేసేవాణ్ణి. నా భార్య పద్మ కూడా వచ్చేది. ఆమె పోయాక ఒక్కసారే వెళ్లాను. ఆ తర్వాత ఏడు నెలలకు నిన్న తీస్తే, తాడు ఎంత లాగినా స్టార్ట్ కాలేదు.

మెకానిక్ అప్పన్నది విజయనగరం వైపు. కార్బురేటర్ విప్పి చూపించాడు. లోపల పెట్రోలు ఎండి జిగురు కట్టింది.

"ఏటి సార్, పెట్రోలు ఉంచేసి మూల పడేసినారా? ముందెప్పుడూ ఇలగ అవనేదా?"

"పదేళ్లలో ఒక్కసారీ కాలేదు."

"అయితే ఎవులో పనైనాక టాంకీ ఖాళీ చేసి, ఇంజన్ ఆగిపోయినదాకా తిప్పినోరు సార్."

అప్పట్లో యార్డులో పనయ్యాక నేను చేతులు కడుక్కుంటుంటే పద్మ వెనక రంపాన్ని మోగిస్తూ ఉండేది. "ఆపెయ్, చెవులు పోతున్నాయి" అని కసిరేవాణ్ణి. నవ్వేది గాని, దానంతట అది ఆగేదాకా ఆపేది కాదు. మాన్యువల్ చదివింది ఆమే. నేను ఎందుకని అడగనైనా లేదు.

అప్పన్న జిగురంతా కడిగాడు. రెండో లాగుకే స్టార్టయింది.

"ఇకమీదట కూడా ఆళ్లనే చూసుకోమనండి సార్" అన్నాడు.

"చెబుతాను" అన్నాను.

మీరైతే ఏమనేవారు?