నాన్న నోట ఆగిపోయిన ప్రార్థన

పెందుర్తిలో మేముండే అపార్ట్‌మెంటులో డిసెంబరు వచ్చిందంటే ఎవరో ఒకరి వంటింట్లోంచి గులాబీ పువ్వుల పిండివంట వేగుతున్న వాసన మెట్ల మీదుగా దిగి వస్తుంది. కాగిన నూనె, బియ్యప్పిండి, యాలకులు కలిసిన ఆ వాసనకు అందరికీ క్రిస్మస్ గుర్తొస్తుంది. నన్ను మాత్రం అది తిన్నగా ఫిషింగ్ హార్బరు పక్కన మా రేకుల ఇంటికి, నాన్న ప్రార్థన చెయ్యడానికి లేచి నిలబడే ఆదివారాలకు తీసుకుపోతుంది.

నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చీకటితో వెళ్ళి, దిమ్మలు లాగి లాగి, వేళ్ళు పాలిపోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాడు. ఆయనకు నత్తి. ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చేవాడు గాని, పదిమంది ముందు నిలబడితే "ప్రభువా" అన్న మొదటి మాట దగ్గరే దవడ బిగుసుకుపోయేది. అలాంటి మనిషికి మా వీధి చివరి ప్రార్థన మందిరాన్ని అప్పగించి ముసలి పాస్టరుగారు కన్నుమూశారు. నాన్న చాలాకాలం వద్దన్నాడు. చివరికి ఒకరోజు అమ్మతో, "పిలిసినోడే నడిపిత్తాడు. నాకు రానిది ఆయనే ఇత్తాడు" అన్నాడు.

ఆ మాట నమ్మి, ఈ ఆదివారం నాన్న నత్తి పోతుందని ప్రతి వారం ఎదురుచూసేదాన్ని. శనివారం సాయంత్రం పిల్లలందరం ఆరేసిన వలల మధ్య దాగుడుమూతలాడుతున్నా, రంగు కాగితాలతో నక్షత్రాలు అతుకుతున్నా, నా మనసు మర్నాటి మీదే ఉండేది. మందిరంలో చాప మీద కూర్చుని గౌను అంచు పిడికిట్లో బిగించి, ఆయన నోట మాట ఆగినప్పుడల్లా నేను ఊపిరి ఆపేసేదాన్ని. ఎవరైనా నవ్వుతారేమోనని కాదు, ఆయన ఆ మాట పూర్తిచెయ్యలేక కూర్చుండిపోతాడేమోనని.

మా పక్కింటి నూకాలమ్మత్త చేపలమ్మేది. నాన్నను తమ్ముడనేది. మా పండగకి తనే పిండి దంచిపెట్టేది, వాళ్ళ అమ్మవారి పండగకి మాకు బూరెలు పంపేది. ఒక డిసెంబరులో గాలివాన రేగి బోట్లన్నీ వెనక్కి వచ్చేశాయి గాని, ఆమె భర్త పోలయ్య మామ వెళ్ళిన బోటు రాలేదు. మర్నాడు ఆడవాళ్ళంతా తడిసిన కొంగులతో జెట్టీ మీద నిలబడి ఉంటే, నూకాలమ్మత్త నాన్న దగ్గరికి వచ్చింది.

"అమ్మోరికి మొక్కుకున్నాను, తమ్ముడూ. మీ దేవుడికీ నువ్వొక మాట సెప్పు."

మా మందిరం పెద్దాయన కల్పించుకుని, "సీతమ్మధార పాస్టరుగారికి కబురెడదాం. ఆయనైతే ప్రార్థన బాగా సేత్తారు" అన్నాడు.

"ఆ బాబుకి మా ఇంటాయన తెలీదు. తమ్ముడికి తెలుసు. తమ్ముడే సెప్పాల."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. మొదటి మాటే ఆగిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి, వానో చెమటో ముఖమంతా కారుతోంది. ఈ ఒక్కసారికి నాన్నకి మాట ఇవ్వు దేవుడా అని నేను లోపల ఏడుస్తున్నాను. ఆ నత్తి పోలేదు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగి, పోలయ్య మామ పేరు పలికాడు. ప్రార్థన చివరిదాకా చెప్పాడు. ఆ తర్వాత అన్నానికి కూడా లేవకుండా ఆమె పక్కనే కూర్చున్నాడు.

సాయంత్రానికి వెతకడానికి వెళ్ళిన వేరే బోటువాళ్ళు ఆ బోటులోని మనుషుల్ని తీసుకొచ్చారు. వాళ్ళలో పోలయ్య మామ లేడు.

ఆ శనివారం నాన్న గోడవైపు తిరిగి పడుకుని, "నావల్ల కాదు. మానేత్తాను. ఆ యమ్మ ముకం ఎలా సూడను?" అన్నాడు. అమ్మ ఆయన తెల్లచొక్కా ఉతికి ఆరేస్తూ మెల్లగా అంది, "మొదట్నించీ నీవల్ల అయ్యిందేటి?"

మర్నాడు నాన్న ఆ చొక్కా వేసుకుని మందిరానికి వచ్చాడు గాని, పాటలయ్యాక కూడా లేవలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. నూకాలమ్మత్త, బొట్టు లేని నుదురుతో, వచ్చి చెప్పుల పక్కనే కూర్చుంది.

"మాట రాకపోయినా ఆరోజు నువ్వు నన్నొగ్గేసి ఎల్లనేదు, తమ్ముడూ" అంది. "ఈరోజూ సెప్పు. ఎంతసేపైనా కూకుంటాను."

నాన్న లేచాడు. మొదటి మాట ఎప్పటిలాగే ఆగింది. ఆమె కదలకుండా కూర్చుంది. అది బయటికి వచ్చేదాకా మందిరంలో ఎవరూ కదలలేదు.

ఇప్పుడు ఆ వీధి లేదు. మందిరం ఉన్నచోట పెద్ద షెడ్డు వేశారు. నూకాలమ్మత్త, అమ్మ, నాన్న, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ఒక మనిషి నోట ఒక్క మాట కోసం అంతమంది అలా ఓపిగ్గా కూర్చోవడం నేను మళ్ళీ చూడలేదు.

నేను నర్సునయ్యాను. ఇక నయం కాదని తేలినవాళ్ళ దగ్గర కూర్చోవడం నా పని. దీనికే దేవుడు నన్ను పిలిచాడని నమ్ముతాను. నాకు నత్తి లేదు. అయినా వాళ్ళ గది ముందుకొచ్చేసరికి తలుపు దగ్గరే ఆగిపోతాను, లోపలివాళ్ళు అడిగేదానికి నా దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదని తెలుసు. కృప వస్తే భయం పోతుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నిన్న కూడా భయపడుతూనే తలుపు తోశాను. మంచం మీది పెద్దావిడ కళ్ళు తెరిచి, "వచ్చావా" అంది.