నీలం అంచు గుడ్డలు

"...తారుమారు చేసింది మీరే బాబాయ్, ఇంకెవరు? గుడ్డముక్కలు వాటంతట అవే నడిచి వెళ్ళాయా?"

"వాటికి కాళ్ళుంటే ఇన్నేళ్ళూ నా మోకాళ్ళు ఎందుకు అరగదీసుకుంటానమ్మా? వాటినే పైకి పొమ్మనేవాణ్ణి."

పరిశోధకురాలు నవ్వలేదు. ఈ ఏడాదే పనిలో చేరింది. బాబాయ్ మాత్రం పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. మంచు కరగగానే కొండమీది పచ్చికలో నూలుగుడ్డ ముక్కలు పాతుతాడు, మళ్ళీ మంచు పడేలోపు తవ్వి తీస్తాడు. మట్టిలోని కంటికి కనపడని జీవులు ఎంత చురుగ్గా ఉన్నాయో గుడ్డ చివికిన తీరే చెబుతుంది. కొన్నిచోట్ల పైకప్పు లేని ప్లాస్టిక్ గూళ్ళు కట్టారు. వాటిలో నేల బయటికంటే రెండు డిగ్రీలు వెచ్చన. గూళ్ళలో పాతేవాటికి ఎర్రదారం అంచు, బయటివాటికి నీలం. సిరా చెరిగిపోతుందని బాబాయ్ భార్యే నైలాన్ దారంతో అంచులు కుడుతుంది.

ఏటా ఎర్రవి జల్లెడలా వచ్చేవి, నీలంవి గట్టిగా. ఈసారి బల్లమీద ఎర్రవి గట్టిగా ఉన్నాయి. నీలంవాటిలో కొన్నిటికి అంచు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఈ ఏటి లెక్క కొట్టేస్తాను. ఇంతకు ముందువి మాత్రం ఎలా నమ్మను?" అందామె.

బాబాయ్ ఇంటికెళ్ళి సంగతి చెప్పాడు. భార్య సూదిలో దారం ఎక్కిస్తూ ఆగింది.

"రెండు కాళ్ళకీ రెండు రంగుల మేజోళ్ళు వేసుకుపోయే మనిషివి. నిజంగా మార్చలేదు కదా?"

"నాకూ అదే అనుమానం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తాపీ పట్టుకుని కొండెక్కాడు. గూట్లో మట్టి వేళ్ళ సందుల్లోంచి పొడిగా జారిపోయింది. బయటి మట్టి అరచేతికి అంటుకుంది. రెండుసార్లు వాసన చూశాడు. రెంటినీ వేర్వేరు సంచుల్లో తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ఒక్కొక్కటీ పిసికి చూసింది. "గూట్లోది ఎండిపోయింది."

"వెచ్చగానే ఉంది, తడే లేదు. గొంతెండినవాడికి ముద్ద దిగుతుందా? బయటి నేల చూడండి, మొదటి ఏడాది గూట్లో ఎంత వెచ్చగా ఉందో ఇప్పుడు బయటే అంత ఉందేమోనని నా అనుమానం."

ఆమె ఉష్ణోగ్రతల పుస్తకం తీసి మొదటి పేజీ, ఈ ఏటి పేజీ పక్కపక్కన పెట్టింది. అంకెలు పోల్చి చూసింది.

"అంతే ఉంది," అంది. "కానీ మీరు మార్చలేదనడానికి ఇది చాలదు బాబాయ్."

"చాలదు."

ఆమె కలం మూత పెట్టింది. లెక్క కొట్టెయ్యలేదు, ఉంచుతాననీ అనలేదు.

బాబాయ్ సంచులు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడాది ప్రతి గుంటలోనూ రెండు రంగులూ పాతుతాను, ఇక తారుమారయ్యేందుకు ఏమీ ఉండదు. తడి సంగతి తేలేందుకు సగం గూళ్ళకు నీళ్ళు మోస్తాను. తవ్వి తీసేది, ఏది ఏ గుంటలోదో రాసుకునేది మాత్రం మీరు."