ఎమ్మే పరీక్ష రోజు

నేను నాలుగో తరగతితో చదువు ఆపేశాను. ఇట్లా రాయడం కొత్త. చాలా ఏళ్ళ కింద ఒకసారి మందమర్రి నుంచి కరీంనగర్ పోతుంటే, బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. ఒడిలో ఏడాది పిల్ల, చేతిలో పుస్తకం.

"ఏడికి చెల్లె?" అన్నాను.

"ఎమ్మే రాయనీకి అక్కా."

"మీ అమ్మ రాస్తే నువ్వెందుకు పోవుడు?"

ఆమె పకపకా నవ్వింది. "అమ్మ గాదక్కా, ఎమ్మే! పెద్ద సదువు. బడిల పంతులమ్మ నౌకరి చేసుకుంటనే సదువుతున్న."

బస్సు దిగేసరికి ఎదురుగా కాలేజీ గేటు మూస్తున్నారు. బొగ్గుబాయిలో డ్యూటీ దిగి, పిల్లను పట్టుకోవడానికి వస్తానన్న ఆమె భర్త జాడ లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నేనే చేతులు చాపాను. "పిల్లనిటియ్యి, ఉరుకు!"

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. పేరైనా అడగకుండా పిల్లనూ పాలసీసానూ నాకిచ్చి ఉరికింది.

మూడు గంటలు పిల్లను భుజానేసుకుని గేటు ముందే తిరిగాను. గేటు సందులోంచి లోపలికి తొంగి చూస్తూనే ఉన్నాను. గంట కొట్టగానే ఆమె చేతులు ఊపుకుంటూ వచ్చింది.

"అన్నీ రాసిన అక్కా! ఒక్కటి గూడ ఇడువలే!"

పిల్లతో సహా గంతేశాను.

ఇంటికి పోయాక ఇంత ఆలస్యమెందుకని మా ఆయన గదిమాడు.

"పరీక్ష ఉండె" అన్నాను.