జల్లెడ పట్టిన పిండి

మొన్న ఆదివారం గోపాల్‌పేట పిండి గిర్నిలో జొన్నల సంచి ముందు పెట్టుకుని నిలబడి ఉండగా కరెంటు పోయింది. గిర్ని ఆయన ఎవరినో తిట్టుకుంటూ వెనక కొట్టంలోకి వెళ్లి డీజిల్ ఇంజన్ నడిపించాడు. అది రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొంతు పెంచి తమ కబుర్లు తాము చెప్పుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం గోడకు చేయి ఆనించాను. ఆ ఇంజన్ అక్కడ ఉందని నాకు తెలుసు, తెలిసే వారం వారం వెళ్తాను. మామూలుగా కరెంటు మోటారే తిరుగుతుంది కనుక దాని గొంతు వినే అవసరం రాదు. ఎనిమిదేళ్ల కింద అది మా బావ పెళ్లిళ్లకు తిప్పే కారులో ఉండేది. దాన్ని అందులోకి ఎక్కించడానికి ఒక అబద్ధం కావలసి వచ్చింది. ఆ అబద్ధంలో సగం నాది.

మా అక్క భర్తకు వనపర్తిలో టెంట్‌హౌస్ ఉంది. శామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, వాటన్నిటికంటే ముఖ్యంగా వాళ్ల నాన్న ఎప్పుడో కొన్న తెల్ల అంబాసిడర్. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఆ కారెక్కి ఊరేగని పెళ్లికొడుకు తక్కువ. నాకు పెళ్లి కాలేదు గానీ, అయి ఉంటే ఆ వచ్చేవాడు కూడా అందులోనే వచ్చేవాడు. ఆ ఏడు గోపాల్‌పేట బడికి బదిలీ అయి నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి నాకు నలభై తొమ్మిది, బావకు యాభై ఆరు. ఇద్దరిలో ఎవరికీ బుద్ధి రాలేదని అక్క అభిప్రాయం. అక్క అభిప్రాయాలు చాలావరకు నిజమవుతాయి.

ఒక పెళ్లి బరాత్‌లో ఆ కారు నడిబజారులో ఆగిపోయింది. పెళ్లికొడుకు తలపాగాతో సహా దిగి తోయాల్సి వచ్చింది. నాగర్‌కర్నూల్ ఇటుకబట్టీల ఆసామి ఒకడు అక్కడే ఉన్నాడు. వాడు తన పాత జీపుకు లారీ ఇంజన్ బిగించుకుని పెళ్లిళ్లకు తిప్పేవాడు. "గిది కారు గాదు, నాలుగు చక్రాల శామియానా" అని నలుగురిలో నవ్వాడు. మా బావ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు ఫోన్ తెచ్చి నాకొక వీడియో చూపించాడు. రెండు పాత కార్లు పక్కపక్కన నిలబడి, ఎవరో చేయి ఊపగానే తిన్నని రోడ్డు మీద దూసుకుపోతున్నాయి. పావు మైలు, ఎవరు ముందైతే వారిదే గెలుపు. అదే పందెం ఇటుకబట్టీల ఆసామితో కుదిరిపోయింది. ఓడినవాడు తన బండిని మళ్లీ ఏ పెళ్లికీ పంపకూడదు.

కారుకు కొత్త ఇంజన్ గద్వాలలో పాత ఇనుము అమ్మేచోట దొరికింది. మానవపాడు దగ్గర పెద్ద రోడ్డు మీద లారీ కిందికి దూరిన వ్యానుది. ఆ వ్యానులో ఎంతమంది ఉన్నారో బావ చెప్పలేదు, నేను అడగలేదు.

చిక్కల్లా చాచా దగ్గర వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లుగా ఆ కారును చూసుకుంటున్న మేస్త్రీ. మాట తక్కువ, పని ఎక్కువ. ఆయనకు వాళ్ల ఉస్తాద్ నుంచి వచ్చిన నియమం ఒకటుండేది. "నెత్తురు జూసిన ఇంజన్ మూడేండ్లు నీళ్లన్న తోడాలె, పిండన్న ఇసరాలె. గప్పుడే మళ్ల మనుషులను మొయ్యాలె" అనేవాడు. ప్రమాదంలో పడ్డ బండి ఇంజన్ ఎవరు తెచ్చినా ఏ చేనుబావికో, ఏ గిర్నికో చేర్పించేవాడు గానీ ఇంకో బండికి బిగించేవాడు కాదు. నేను సైన్సు టీచర్ని. ఇనుముకు జ్ఞాపకమేమిటని లోలోపల నవ్వుకునేదాన్ని.

అక్క ఊళ్లో లేని ఒక మధ్యాహ్నం బావ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఓ పిల్లా, జర జొన్నపిండి తే" అన్నాడు. నలభై తొమ్మిదేళ్లదాన్ని పిల్లా అని పిలిచే మనిషి లోకంలో ఆయన ఒక్కడే. ఏమడిగినా కాదనలేకపోవడానికి అదొక కారణం.

"ఎందుకు, రొట్టెలు జేస్తవా?"

"ఇంజన్‌కు పూస్త. గిర్నిల తిరిగినట్టు కనవడాలె."

నేను పడీపడీ నవ్వి, డబ్బాలోంచి రెండు దోసిళ్ల పిండి తెచ్చాను. పెరట్లో గోనె మీద పెట్టిన ఇంజన్‌కు ఇద్దరం పసిపిల్లకు పౌడరు వేసినట్టు పూశాం. సందుల్లోకి చీపురుపుల్లతో నెడుతుంటే ఎర్రటి గాజుముక్క ఒకటి బయటికొచ్చింది. "ఎనక లైటుదే" అన్నాడు బావ, చూడకుండానే. వెనక లైటు గాజు అంత సన్నగా, గుండ్రంగా వంగి ఉండదు. దాని మీద బంగారు చుక్కలుండవు. నేను దాన్ని గోడ అవతల పారేసి చేతులు కడుక్కున్నాను. తర్వాత నవ్వు రాలేదు, కానీ పిండి పూయడం ఆపలేదు. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు చాచా వచ్చాడు. ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో పిండి తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"గిర్నిల ఎన్నేండ్లు తిరిగింది బేటా?" అని బావను అడిగాడు.

"మూడేండ్లు దాటింది చాచా. మా మరదలిని అడుగు. గోపాల్‌పేటల గా గిర్నికే పోతది."

చాచా నా వైపు తిరిగాడు. "నిజమేనా బిడ్డా?"

"నిజమే చాచా" అన్నాను. పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పే నోటితోనే.

ఆయన "మంచి పిండి బిడ్డా" అని, పైజమాకు వేళ్లు తుడుచుకుని పానాల సంచి విప్పాడు. గండం గడిచిందనుకున్నాం.

ఇరవై రోజులు పట్టింది. ఎవరూ అడగకపోయినా బ్రేకులన్నీ మార్చాడు, సీట్లకు బెల్టులు బిగించాడు. ఇంజన్ మొదటిసారి లేచినప్పుడు ఇంటి రేకులు అదిరాయి. అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, కారును చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అక్క ఏమీ అనకపోవడం నేను అదే మొదటిసారి చూశాను. బ్రేకులు కొత్తవే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

పందేనికి ఊరి బయట కొత్త బైపాస్ దొరికింది. తారు పోశారు గానీ ఇంకా ప్రారంభం కాలేదు. మా వైపు ఏ రోడ్డునైనా మంత్రి కంటే ముందు వడ్లే ప్రారంభిస్తాయి. అక్కడా అప్పటికే వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచుల్లో రాళ్లు పేర్చారు. చాచా ముందురోజు రోడ్డంతా నడిచి, రైతులను బతిమాలి, పందెం గీత దాటాక ఇంకో ఫర్లాంగు దాకా వడ్లు ఎత్తించాడు. ఇంకొంచెం ఎత్తించాలంటే బావ వినలేదు. "సాలు చాచా, ఆగనీకె గింత జాగ ఎందుకు?"

పొద్దు పొడుస్తుండగా రెండు బండ్లు నిలబడ్డాయి. చాచా తాను బిగించిన ఇంజన్ మొదటి పరుగు తాను లేకుండా పోనిచ్చేవాడు కాదు. బావ పక్కన కూర్చుని, నన్ను చూసి తలాడించాడు. రుమాలు వదలడానికి నన్నే నిలబెట్టారు. నా చేతిలోంచి రుమాలు జారి నేల తాకే లోపే అవి నన్ను దాటిపోయాయి. సగం దూరం జీపు ముందుంది. తర్వాత కారు దాన్ని దాటింది. బావ గెలిచాడు. గెలిచి, కాలు తీయకుండా, కిటికీలోంచి చేయి బయటపెట్టి ఊపుతూ పోయాడు. "బస్ బేటా, ఇగ సాలు" అని చాచా మూడుసార్లు అన్నాడని బావే తర్వాత చెప్పాడు. ఫర్లాంగు అయిపోయింది. వెనక ఎర్ర లైట్లు వెలిగాయి, చక్రాలు తిరగడం ఆగింది, కారు మాత్రం ఆగలేదు. వడ్ల మీద పక్కకు జారి, రాళ్లకు తగిలి, చాచా కూర్చున్న వైపు పడింది. నేను పరుగెత్తి చేరేసరికి ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపడం అక్కడ ఎవరికీ తెలియలేదు. తెలిసినవాడు పలకడం లేదు.

బావకు భుజం ఎముక విరిగింది. చాచా దవాఖాన చేరకముందే పోయాడు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు నేను ఒక్కదాన్నే వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య చాచీకి నిజం చెప్పి కాళ్ల మీద పడాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. పిండి అనే మాట నా నోట్లోంచి రాగానే ఆమె చేయెత్తి ఆపింది.

"గా దినమే ఇంటికొచ్చి చెప్పి నవ్విండు బిడ్డా. గిర్ని పిండి నూనెల నాని గట్టిగైతది, గోటికి రాదు. గిది జల్లెడ వట్టిన పిండి, టీచరమ్మ ఇంట్లదే అన్నడు."

"మరి ఎందుకు బిగించిండు చాచీ?" అన్నాను.

"నేను వద్దంటె ఇంకొకని తాన వోతడు, వాడు బ్రేకులు సూడడు అన్నడు. నేను పక్కకుంటె జర సంబాళించుకుంటడు అన్నడు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఇంజన్ మాత్రం తనకు కావాలంది. గోపాల్‌పేటలో గిర్ని నడిపే తన తమ్ముడికి ఇప్పించింది. చాచీ మాట బావకు చెప్పాను. ఆయన విని, లేచి, కారు షెడ్డుకు తాళం వేసి వచ్చాడు. ఆనాటి నుంచి నన్ను పిల్లా అని పిలవలేదు.

మొన్న కరెంటు వచ్చాక గిర్ని ఆయన ఇంజన్ ఆపాడు. నేను వెనక కొట్టంలోకి వెళ్లాను. ఒళ్లంతా పిండి, నూనెలో నాని నల్లబడి గట్టిపడింది. గోటితో గీకి చూశాను, రాలేదు. ఆ రోజు చాచా ముందు నేను చెప్పిన మాట ఇప్పుడు ప్రతి అక్షరం నిజం. చాచా లెక్క ప్రకారం దాని మూడేళ్లు ఎప్పుడో నిండిపోయాయి. నాకెన్ని ఏళ్లో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే.