చార్క్ కట్టిన దొంగ గొట్టం

చార్క్ మా ఓడకు వడ్రంగి. శాంటోస్ నుంచి మా దేశపు రేవు బ్రేమెన్‌కు కాఫీ బస్తాలు మోసినన్నాళ్లూ ఆ ఓడను కన్నబిడ్డలా చూసుకున్నాడు. యుద్ధం వచ్చి, నౌకాదళం వాళ్లు దాని పక్కలు కోసి ఫిరంగులు దాస్తుంటే మనిషి తిండి మానేశాడు. తర్వాత కిక్కురుమనకుండా ఆ ఫిరంగులను కప్పే తలుపులు తనే చేశాడు. శత్రువుల సరుకు ఓడలను వేటాడే మేము నార్వే వ్యాపారుల్లా కనబడాలని, చెక్కతో, కాన్వాసు గుడ్డతో రెండో పొగగొట్టం కూడా కట్టాడు.

నేను రొట్టెలు కాల్చేవాణ్ణి. ఇద్దరిదీ లేయర్ ఊరే. టీ దగ్గర కూర్చుంటే నన్ను ఏడిపించకుండా ఉండేవాడు కాదు.

“ఫోకె, నీ రొట్టె కన్నా నా దొంగ గొట్టమే మెత్తగా ఉంటుందిరా.”

“అయితే రేపటి నుంచి అదే కొరుక్కో అన్నా!”

మా వైపు, ఇక చాలని కప్పులో చెంచా వేసేదాకా టీ పోస్తూనే ఉంటారు. ఆ మధ్యాహ్నం అతని రెండో కప్పు సగంలో ఉండగా మా శత్రువులైన బ్రిటిష్ వాళ్ల యుద్ధనౌక ఎదురైంది. మా పక్కగా వస్తూ దుర్భిణులతో పరీక్షగా చూస్తోంది. గుట్టు బయటపడితే మేమూ, పట్టుకున్న ఓడల నుంచి తెచ్చి అడుగున బంధించిన ఖైదీలూ, అందరం నీళ్లపాలే.

చార్క్ పైకి చూసి కొయ్యబారిపోయాడు. దొంగ గొట్టం అంచున సముద్రపక్షులు బారుగా కూర్చున్నాయి. వేడి గొట్టం మీద ఏ పక్షి వాలుతుంది?

“కొంప మునిగిందిరా!” అంటూ నూనె గుడ్డలూ, నీళ్ల బకెట్టూ పట్టుకుని, అడుగునున్న చిన్న తలుపులోంచి గొట్టంలో దూరాడు.

“అన్నా, అది చెక్క! అంటుకుంటుంది!”

“అందుకేగా నేను లోపల కూర్చునేది. తలుపు మూసెయ్.”

గుడ్డలు ముట్టించి, మంట లేవకుండా, పొగ ఆగకుండా, తడి చేతులతో వాటిని అదుముతూ కూర్చున్నాడు. పక్షులు లేచిపోయాయి. నల్లటి పొగ, అచ్చం అసలు గొట్టంలో లాగే. లోపలి నుంచి దగ్గు కూడా వినిపించలేదు. మనిషన్నవాడు అందులో ఎలా ఉన్నాడో నాకు ఈనాటికీ అంతుపట్టదు. చివరికి ఆ యుద్ధనౌక శుభయాత్ర అని సంకేత జెండాలు ఎగరేసి వెళ్లిపోయింది.

తలుపు తీస్తే కనుబొమలు కాలిపోయి, చేతులు బొబ్బలెక్కి బయటపడ్డాడు. చేతులెత్తి మొక్కాలనిపించింది.

“టీ చల్లారిందా?” అన్నాడు బొంగురుగా. ఆ గొంతు మళ్లీ బాగుపడలేదు.

మొన్న చలికాలం ఆ పొగ తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయాడు. పూడ్చి వచ్చాక అతని భార్య గేసినే అందరికీ టీ పోసింది. అతని కప్పు కూడా నింపి బల్ల మీద పెట్టి, చెంచా నా చేతికిచ్చింది.

“నువ్వే వెయ్యి ఫోకె.”

నా వల్ల కాలేదు.

“అన్నకు ఇంకొక్క కప్పు పొయ్యి వదినా,” అన్నాను.