రేపల్లె దాటని రైలు

రుక్సానా చేసిన రైలు రేపల్లెలో ఆగదు. నిజానికి పట్టాలు మా రేపల్లెతో సరి. ఆ పైన ఎటు వెళ్లాలన్నా బస్సే. ఆమె చేసిన ఫోను గేములో మాత్రం రైలు ప్లాట్‌ఫారం దాటి, నీళ్లు నిండిన పొలాల మీద తేలుకుంటూ పోయి, బాపట్ల సముద్రం ఒడ్డున ఆగుతుంది. పెట్టెల్లో అందరూ నిద్రపోతుంటారు. ఆడేవాళ్లు ఒక్కొక్క కిటికీ మెల్లగా తెరుస్తూ పోవాలి, అంతే. కొట్టడాలు లేవు, చంపడాలు లేవు. ఇదేం గేమంటారేమో, మొదట నేనూ అన్నాను.

ఆ రైలుకు మూడేళ్లు పట్టింది. రుక్సానా తండ్రి లేని పిల్ల. మేనమామ జాన్ సైదా పెంచాడు. ఆయనది రేపల్లె బజారులో సెల్ షాపు. పాడైన ఫోన్లతోనే ఆడుకుంది, పగిలిన స్క్రీన్ల మీదే వేలితో బొమ్మలు గీయడం నేర్చుకుంది. వడ్లమూడి కాలేజీలో చదివేటప్పుడు స్నేహ తోడైంది. బొమ్మలు రుక్సానావి, వాటిని కదిలించే ప్రోగ్రాం స్నేహది. గేము బయటికొచ్చాక ఒక ఏడాది చూద్దామనుకున్నారు. జనం కొంటే ఇద్దరూ కలిసి రెండోది చేస్తారు. కొనకపోతే స్నేహ బెంగళూరు ఉద్యోగానికి వెళ్లిపోతుంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది నా నిర్వాకమే.

నేను రోజూ పొద్దున్న రైల్లో తెనాలి ఆఫీసుకు వెళ్తాను. ఆ రోజు ముసురు పట్టింది. భట్టిప్రోలు దాటాక రెండు వైపులా నీళ్లే. పొలం ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఫోన్లోనూ అదే వాన, అదే రైలు. సగం నిద్రలో ఆడుతుంటే ఏది కిటికీయో, ఏది ఫోనో కాసేపు నాకే తెలియలేదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి వంగి నా ఫోను చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది. పాపం, తెలియదేమోనని ఎలా ఆడాలో చెప్పడం మొదలుపెట్టాను. మేనమామకు పుట్టింటి కబుర్లు చెప్పడమంటే ఇదే. అంతటితో ఆగానా? ఎంతసేపాడినా ఈ రైలు రేపల్లె దాటదని, మళ్లీ తెనాలికే తిరిగొస్తుందని, దీన్ని చేసినవాళ్లకు బుర్ర లేదని కూడా అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఫోను అడిగి తీసుకుని, కాలువ వచ్చినచోట ఆపి చూపించింది. వాన పడుతోంది, నీళ్లలో మాత్రం చలనం లేదు.

"చినుకు పడితే వలయాలు రావాలి కదా ఆంటీ. అవి నేను ఆఖర్న వేశాను. ఇది సగంలో ఉన్నప్పటి కాపీ. దీన్ని ఒక్కరికే ఇచ్చాను."

ఎక్కడిదని అడిగితే జాన్ సైదా షాపులో ఊరికే ఎక్కించారని చెప్పాను. చెబుతుంటేనే సిగ్గేసింది. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అనే రకాన్ని నేను. చుట్టాలందరికీ పంపాను.

తెనాలి వచ్చేలోగా మిగతాది చెప్పింది. అసలు గేము తెరవగానే చేసినవాళ్ల పేర్లు కనిపిస్తాయట. ఫోన్లో దాచుకున్న నంబర్లు చూడనిమ్మని అడగదట. షాపు నుంచి పోయిన కాపీలో ఎవరో ఆ పేర్లు చెరిపేసి, ప్రకటనలు కుక్కి, నంబర్లు లాక్కునేలా మార్చి ఊళ్ల మీదికి వదిలారు. గేము పేరు మార్చలేదు గనక తిట్లు మాత్రం అసలు గేము పేజీలో పడ్డాయి. రైలు చేరదన్నారు, దొంగలన్నారు. అవి చదివి కొనేవాళ్లు కూడా ఆగిపోయారు. ఆ కాపీ ఎక్కణ్ణుంచి పొక్కిందో ఆ పొద్దుటిదాకా ఆమెకు తెలియదు.

సాయంత్రం తిరుగు రైల్లో ఆమె మళ్లీ కనిపించింది. రేపల్లెలో దిగి, పిలవకపోయినా ఆమె వెంట షాపుకు వెళ్లాను. జాన్ సైదా ఎవరి ఫోన్లోనో ఆ రైలే ఎక్కిస్తున్నాడు. ఫోను కవరు దగ్గర పైసా తగ్గించని మనిషి, మా మేనకోడలు చేసిందండి, ఊరికే తీసుకోండి అంటున్నాడు. ఆ మనిషి వెళ్లాక రుక్సానా మెల్లగా సంగతి చెప్పింది. ఆయనకు మొదట అర్థం కాలేదు. ఇంటి పిల్ల చేసింది నలుగురికీ పంచితే దొంగతనం ఎలా అవుతుందన్నాడు.

"అందరికీ నీ పేరు చెప్పే ఇచ్చాను రుక్సూ."

"అందుకే మామూ, తిట్లన్నీ నా పేరుకే వచ్చాయి."

పూర్తయిన గేము తెరిచి తన ఫోను ఆయన చేతిలో పెట్టింది. వందల మందికి పంచాడు గానీ, గేములో ఆయనా ఎప్పుడూ రేపల్లె దాటలేదు. స్టూలు మీద కూర్చుని ఆడాడు. రైలు ప్లాట్‌ఫారం దాటింది. నీళ్ల మీద వలయాలు విచ్చుకున్నాయి. సముద్రం గాలికి కిటికీల్లో జనం ఒక్కొక్కరే నిద్ర లేస్తున్నారు. చివరి కిటికీ తెరిచాడు. అందులో చేతిలో స్క్రూడ్రైవరుతో, గుండెల మీద పాత ఫోనుతో, నెరిసిన గడ్డం మనిషి కళ్లు తెరిచి సముద్రాన్ని చూస్తున్నాడు. అది జాన్ సైదాయే.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆయన ఫోను తిరిగి ఇస్తూ, రెండోది ఎప్పుడు మొదలుపెడతారు, దాన్ని ఎవరికీ ఇవ్వను, ఒట్టు అన్నాడు.

"ఏడాది నిండింది మామూ," అంది రుక్సానా. "స్నేహ నిన్ననే బెంగళూరు వెళ్లిపోయింది."